కన్నది తల్లి, గెలిచింది తండ్రి

ఆడవాళ్ల చాకిరీకి లోకం విలువ కట్టడం లేదని వాపోయేవాళ్లు ఒక్కసారి హార్నెస్ రేసింగ్ వైపు చూడాలని సవినయంగా మనవి. అక్కడ కడతారు. వేలంపాటలో, డాలర్లలో, నలుగురి ముందు గట్టిగా అరిచి మరీ కడతారు. కాకపోతే ఆ డబ్బు ఆమెకు ఇవ్వరు. అంతమాత్రానికే పరిశ్రమను తప్పుపట్టడం న్యాయం కాదు.

మలక్‌పేట రేస్‌కోర్సులో మనవాళ్లు చూసేది దౌడు పందెం, జాకీ వీపు మీద ఉంటాడు. హార్నెస్ పందెంలో వీపు ఖాళీ. గుర్రానికి సల్కీ అనే రెండు చక్రాల తేలిక బండి కడతారు, డ్రైవరు అందులో కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు. ట్రాటర్ అయితే కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ జంటగా కదలాలి. పేసర్ అయితే ఒకే పక్క రెండు కాళ్లూ కలిసి కదలాలి. నడక తప్పి దౌడులో పడిందా, డ్రైవరు పగ్గాలు లాగి మళ్లీ దారికి తేవాలి. ఆ లోపు పందెం ముగిసిపోతుంది. ఈ జాతికి స్టాండర్డ్‌బ్రెడ్ అని పేరు. అందులో చేరడానికి 1879లో అమెరికాలో పెట్టిన కొలత మైలుకు 2 నిమిషాల 30 సెకన్లు. 2022లో బుల్‌డాగ్ హనోవర్ అనే పేసర్ అదే మైలును 1 నిమిషం 46 సెకన్లకు కాస్త లోపే లాగేసింది. ఈ తేడా అంతా నాన్నల గొప్పతనమేనని పరిశ్రమ నమ్మకం. ఆ నమ్మకానికి ఎక్కడా భంగం కలగకుండా కొన్ని వివరాలు చెబుతాను.

ఇవాళ్టి అమెరికన్ స్టాండర్డ్‌బ్రెడ్‌లన్నీ దాదాపుగా హాంబుల్టోనియన్ అనే ఒకే స్టాలియన్ (విత్తుగుర్రం) సంతతి. పుట్టింది 1849లో, న్యూయార్క్ రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో. తండ్రి అబ్దల్లా. మరి తల్లి? రికార్డుల్లో ఆమె పేరు 'చార్లెస్ కెంట్ మేర్'. అంటే చార్లెస్ కెంట్ అనే ఆయన దగ్గర ఒకప్పుడు ఉన్న ఆడగుర్రం అని. ఒక జాతి మొత్తానికి మూలపుటమ్మకు మాజీ యజమాని పేరే శాశ్వత చిరునామా. దీన్ని నిర్లక్ష్యం అనుకోకండి, ఆ ఇంట పేర్లు పెట్టే పద్ధతే అంత శాస్త్రీయం. అమ్మమ్మకు వెండితోక ఉంది కాబట్టి ఆమె సిల్వర్‌టెయిల్. అమ్మకు ఒంటికన్ను కాబట్టి వన్ ఐ. ఈమె విషయానికొచ్చేసరికి తోకలోనూ కంట్లోనూ చెప్పుకోదగ్గ విశేషం ఏదీ దొరికినట్టు లేదు. కాలు కుంటి, కానీ అప్పటికే కెంట్ గారి పేరు అంటుకుపోయింది.

జోనస్ సీలీ అనే ఆసామి ఈ కుంటి గుర్రాన్నీ పొదుగు వదలని పిల్లనూ కలిపి తన పాలేరు విలియం రిస్‌డైక్‌కు 125 డాలర్లకు అమ్మేశాడు. తల్లికెంత, పిల్లకెంత అని విడదీయలేదు, గంపగుత్త బేరం. ఆ పిల్ల పెద్దయ్యాక ఒక్కో దాటింపుకు 500 డాలర్ల దాకా రాబట్టింది, 1,300 పైచిలుకు పిల్లలకు తండ్రయింది, పాలేరు ధనవంతుడయ్యాడు. హాంబుల్టోనియన్ సమాధి మీద స్మారక స్తంభం ఉంది. 1926 నుంచి మూడేళ్ల ట్రాటర్లకు జరిగే అతి పెద్ద పందానికీ అతని పేరే. ఆయన జన్మలో అధికారిక పందెం ఒక్కటీ పరిగెత్తలేదన్నది ఇక్కడ అప్రస్తుతం.

తల్లులకు అసలు గుర్తింపే లేదనడం మాత్రం అబద్ధం. గ్రీన్ మౌంటెన్ మెయిడ్ అనే తల్లికి న్యూయార్క్‌లోని స్టోనీ ఫోర్డ్‌లో దాని యజమాని స్మారకం కట్టించాడు. ఆమె కూడా పందెం పరిగెత్తలేదు, పరిగెత్తే పిల్లలను కన్నది. వాటిలో 1868లో పుట్టిన ఎలక్షనీర్ ఒకటి, హాంబుల్టోనియన్ కొడుకే. 1876లో దాన్ని లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే రైల్వే కుబేరుడు కొని కాలిఫోర్నియాలోని తన పాలో ఆల్టో స్టాక్ ఫారానికి తరలించాడు. అవును, ఆ స్టాన్‌ఫర్డే. మనవాళ్లు కొడుకుల సీట్ల గురించి పెళ్లిళ్లలో గొంతు పెంచి చెప్పుకునే విశ్వవిద్యాలయం ఆ గుర్రాల ఫారం నేల మీదే లేచింది. విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ముద్దుగా 'ఫారం' అంటారు. పాలో ఆల్టోలో ట్రాటర్ పిల్లలకు 'కిండర్‌గార్టెన్' అనే చిన్న ట్రాక్ ఉండేది, పసిప్రాయం నుంచే అందులో పరుగు నేర్పేవారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మన కార్పొరేట్ కాలేజీల సొంత ఆలోచన అనుకునేవారు గమనించగలరు. ఎలక్షనీర్ కొడుకు అరియన్ రెండేళ్ల వయసులో మైలును 2 నిమిషాల 11 సెకన్లలోపు ముగించి 1,25,000 డాలర్లకు అమ్ముడుపోయింది. ముత్తవ్వకు, చంకలో బిడ్డతో కలిపి, పలికిన ధరకు సరిగ్గా వెయ్యి రెట్లు.

ఇక తల్లిగుర్రం ఉద్యోగ నిబంధనలు. చూలు కాలం సుమారు 340 రోజులు. ఏడాదికి 365. రెండింటి మధ్య తేడా 25 రోజులు. ఏటా ఒకే వేళకు ఈనాలంటే ఈనిన 25 రోజుల్లోపు మళ్లీ చూలు కట్టాలి. మన దేశంలో ప్రసూతి సెలవు 26 వారాలని గొణిగే యాజమాన్యాలు ఈ నమూనాను అధ్యయనం చేయవచ్చు.

ఈనిన 7 నుంచి 10 రోజుల మధ్య మొదటి ఎద వస్తుంది. అప్పటికి గర్భాశయం ఇంకా శుభ్రపడి ఉండదు. పదో రోజుకు ముందే అండం విడుదలైతే కట్టే అవకాశం తక్కువ. సరేలెమ్మని వదిలేస్తే మరో మూడు వారాలు ఆగాలి, అంటే 30వ రోజు దాటుతుంది. 340కి 30 కలిపితే 370. ఏటా ఐదేసి రోజులు జారుకుంటూ పోతే మార్చిలో ఈనే తల్లి కొన్నేళ్లకు ఏప్రిల్‌లోకి, మేలోకి దిగుతుంది. మధ్యలో ఒక్క ఎద తప్పిందంటే ఒకేసారి 21 రోజుల దెబ్బ. చివరికి యజమాని విసిగి ఒక ఏడాది ఖాళీగా ఉంచుతాడు. ఆ ఏడాదిని లెక్కల్లో నష్టం కింద రాస్తారు.

తొందర ఎందుకంటే, ఉత్తర అమెరికాలో పందెపు గుర్రాలన్నింటికీ జనవరి 1నే పుట్టినరోజు.  రెండేళ్ల పందెంలో జనవరి పిల్లా మే పిల్లా ఒకే గీత దగ్గర నిలబడాలి. అందుకని అందరికీ పెందలాడే ఈత కావాలి. ప్రకృతి మాత్రం ఆడగుర్రాన్ని పగలు పొడవైనప్పుడే ఎదకు తెస్తుంది, చలికాలం అండాశయాలకు సెలవు. పరిశ్రమ ప్రకృతితో వాదించదు, బల్బు వేస్తుంది. డిసెంబర్ మొదటి నుంచి 12 అడుగులకు 12 అడుగుల గదిలో 100 వాట్ల బల్బు పెట్టి, పగటి వెలుగుతో కలిపి రోజుకు 16 గంటల వెలుతురు అందేలా రెండు నెలలు సాగిస్తారు. గదిలో ఏ మూలనైనా న్యూస్‌పేపర్ చదవగలిగేంత వెలుగుండాలన్నది లెక్క. పేపర్ ఎవరు చదవాలన్నది చెప్పలేదు. కొత్తవాళ్లు చేసే పొరపాటు 24 గంటలూ లైటు వేసి వదిలేయడం. చీకటి కూడా కావాలి, లేకపోతే శరీరానికి పగలు పొడుగైందన్న సంగతే తెలియదు. ఇంకో పొరపాటు సాయంత్రం ఆర్పేసి తెల్లవారుజామున వేయడం. పొడిగించాల్సింది సాయంత్రాన్ని.

ఎద 5 నుంచి 7 రోజులుంటుంది. డాక్టరు అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, అండం పెరిగే తిత్తి 35 మిల్లీమీటర్లు దాటాక సూది వేస్తాడు. 36 నుంచి 48 గంటల్లో అండం విడుదలవుతుంది. దౌడు పందేల జాతి అయిన థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణ నిషేధం, స్టాండర్డ్‌బ్రెడ్‌లలో అదే మామూలు. కాబట్టి పెళ్లికొడుకు రానక్కర్లేదు. 5 డిగ్రీల దగ్గర చల్లబరిచిన పెట్టె విమానంలో వస్తుంది, అందులో డోసుకు చురుకైన శుక్రకణాలు వంద కోట్ల దాకా ఉంటాయి. పెట్టె ఒక రోజు ఆలస్యమైతే వంద కోట్లూ ఈత మరిచిపోతాయి. అప్పుడు యజమాని కొరియర్ కంపెనీని తిట్టడు, 'గుర్రం కట్టలేదు' అంటాడు.

14 నుంచి 16 రోజులకు మళ్లీ స్కాన్. ఈ పరీక్ష చూలు ఉందో లేదో తేల్చడానికి ఎంతో, రెండు ఉన్నాయేమో చూడటానికీ అంతే. గుర్రం మాయ గర్భాశయం లోపలి గోడంతా పరుచుకుంటుంది. ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ తిండి చాలదు, చాలావరకు నెలలు నిండకముందే రెండూ పోతాయి. అందుకని రెండు కనిపిస్తే డాక్టరు ఒకదాన్ని వేళ్లతో నొక్కి చిదిమేస్తాడు. 16వ రోజు దాటితే అవి కదలకుండా ఒకచోట అతుక్కుంటాయి, పక్కపక్కనే అతుక్కుంటే విడదీయడం గగనం.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మరో చిక్కు పచ్చికలోనే ఉంది. టాల్ ఫెస్క్యూ గడ్డిలో కాపురముండే బూజు వల్ల చూలు రోజులు దాటుతుంది, మాయ మందమవుతుంది, పొదుగులో పాలు దిగవు. ఈనడానికి కనీసం 60 రోజుల ముందు, వీలైతే 90, ఆ గడ్డి నుంచి తప్పించాలి. ఈనేటప్పుడు తెల్లటి పొర ముందు కనిపిస్తే సరే. ఎర్రటి మఖమల్ లాంటి సంచి కనిపించిందంటే మాయ ముందే ఊడిందని అర్థం, లోపల బిడ్డకు ఊపిరి ఆగుతున్నట్టే. డాక్టరు వచ్చేదాకా ఆగకూడదు, అక్కడికక్కడే కోసి బిడ్డను లాగాలి. ఆ తర్వాత గడియారం: గంటకు పిల్ల నిలబడాలి, రెండు గంటలకు ముర్రుపాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడిపోవాలి. పడకపోతే విషం ఒంటికెక్కి డెక్కలు వాచి తల్లి కాళ్లకే ఎసరొస్తుంది. స్టాలియన్ ఫీజు మాత్రం చాలా ఒప్పందాల్లో పిల్ల లేచి నిలబడి పాలు తాగాకే కట్టాలి. యజమానికి గ్యారంటీ ఉంది, స్టాలియన్‌కు ఫీజు ఉంది. తల్లికి ఇరవై చిల్లర రోజుల గడువుంది.

ఇప్పుడు లెక్కలు. 2009 నుంచి రంగంలోకి దిగిన స్టాలియన్‌కు ఏడాదికి 140 ఆడగుర్రాలని అమెరికాలో పరిమితి పెట్టారు. పాపం, 140 మాత్రమే! తల్లికి ఏడాదికి ఒక చూలు. కడుపులు 140 ఉన్నవాడికి ఏడాదికో నలుగురు ఆణిముత్యాలు దొరక్కపోరు, వాళ్ల ఫొటోలు ప్రకటనల్లో వేస్తారు. మిగతా 136 సంగతేమిటని అడిగితే తల్లులతో 'నిక్' కుదరలేదంటారు, అంటే రెండు వంశాల జోడీ పొసగలేదని. నిక్ కుదిరినప్పుడు అది తండ్రి ప్రతిభ.

1995లో కాన్వే హాల్, 1996లో ఏంగస్ హాల్, 1999లో ఆండోవర్ హాల్ పుట్టాయి. మూడూ పేరుమోసిన స్టాలియన్లు, మూడింటికీ తండ్రి గార్లండ్ లోబెల్. దాంతో స్టాలియన్లకే తండ్రి అని అతనికి కీర్తి దక్కింది. మూడింటికీ తల్లి అమోర్ ఏంగస్ ఒక్కతే కావడాన్ని కాకతాళీయంగా భావించాలి. కాన్వే కొడుకు విండ్‌సాంగ్స్ లెగసీ 2004లో ట్రాటర్ల ట్రిపుల్ క్రౌన్, అంటే మూడు పెద్ద పందేలూ, కొట్టింది. ఆండోవర్ కొడుకు డొనాటో హనోవర్ 2007లో హాంబుల్టోనియన్ పందెం గెలిచింది. ఆ ముగ్గురి తోబుట్టువు ఎమిలీ కాస్ ఎల్ కొడుకు ట్రిక్స్‌టన్ 2014లో అదే పందెం గెలిచింది. కాన్వే మనవరాలు అట్లాంటా 2018లో మగపిల్లలందరినీ వెనక్కి నెట్టి మళ్లీ అదే గెలిచింది. కాకతాళీయాలు ఇంత క్రమశిక్షణతో జరగడం పరిశ్రమకు గర్వకారణం. ఈ గుర్రాల నడకను తేల్చే డీఎంఆర్‌టీ3 జన్యుమార్పును 2012లో కనిపెట్టారు. పూర్తి ప్రభావం చూపాలంటే రెండు ప్రతులూ కావాలి, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా అయితే పూర్తిగా తల్లి ఆస్తి. శాస్త్రవేత్తలు ఇలాంటివి చెబుతూనే ఉంటారు, పోస్టర్ మీద ఫొటో మాత్రం మారదు.

ఈ మధ్య కన్నతల్లి పని కూడా ఒప్పందం మీద ఇస్తున్నారు. అండం విడుదలైన ఏడెనిమిది రోజులకు పిండాన్ని కడిగి తీసి, అదే దశలో ఉన్న మరో ఆడగుర్రం కడుపులో పెడతారు. పందెపు తల్లి పందేలకు వెళ్లిపోతుంది. మోసేది, ఈనేది, పాలిచ్చేది రెండోది. వేలం కేటలాగ్‌లో ఆమెకు పేజీ లేదు, వాక్యం లేదు, కామా కూడా లేదు.

ఆ కేటలాగ్ ఉందే, అసలు సాహిత్యం అది. పేజీ పైన తండ్రి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కిందంతా మొదటి తల్లి, రెండో తల్లి, మూడో తల్లి. ఒక్కో బిడ్డ పక్కన గెలిచిన వయసు, మైలు కాలం. చివరి చుక్క తర్వాత అంకె సెకనులో అయిదో వంతులు, పదో వంతులు కాదు. 1:53.4 అంటే 53 సెకన్ల పైన అయిదింట నాలుగు వంతులు. తెలియనివాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. మొదటి తల్లి పేరా రెండు వరుసల్లో ముగిసి, మూడో తల్లి పేరా అరపేజీ ఆక్రమించిందా, పర్సు మూసేయండి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నమాట. పిల్లల పుట్టిన సంవత్సరాలు వరసగా రాసుకుని చూడండి. మధ్యలో ఏడాది మాయమైతే ఆ ఏడాది కట్టలేదో, చూలు నిలవలేదో, పిల్ల పోయిందో. కేటలాగ్ అబద్ధం చెప్పదు, మౌనం పాటిస్తుంది. పిల్లలు ఎనిమిదిమంది, 'గెలిచినవాళ్లు ఆరుగురు' అంటే ఎక్కడ గెలిచారో చూడాలి. ఊరి సంత ట్రాక్ మీద గెలిచినా గెలుపే.

వరసల సంగతి కూడా తెలుసుకోవాలి. ఈ వ్యాపారంలో తండ్రి ఒకడే అయినంత మాత్రాన అన్నదమ్ములు కారు. తల్లి ఒక్కతే అయితేనే ఆ మాట వాడాలి. 2018 అక్టోబర్‌లో లెక్సింగ్టన్ వేలంలో మావెరిక్ అనే ఏడాది పిల్ల 11 లక్షల డాలర్లు పలికింది. తండ్రి ఫాదర్ పాట్రిక్. అదే వేలంలో ఆయన పిల్లలు ఇంకా ఉన్నారు, ఎవరికీ ఆ ధర రాలేదు. మావెరిక్ పేజీలో మాత్రం గ్రీన్‌షూ అనే ట్రాటర్‌కు సొంత తమ్ముడని ఉంది, ఇద్దరినీ కన్నది డిజైన్డ్ టు బీ అనే ఆడగుర్రం. తల్లి గర్భాన్ని ఇంత గౌరవించే సమాజం ఇంకోటి చూపించండి! పైగా ఇందులో ఆర్థిక వివేకం కూడా ఉంది. తండ్రి తరఫు వరసలనూ ఒప్పుకుంటే ఏడాదికి 139 మంది తోబుట్టువులు తేలతారు, అప్పుడు 'తమ్ముడు' అన్న మాటకు పది డాలర్లు కూడా రావు.