పేరెంట్ సంతకం లేనిదే చదువు లేదు

బడికీ ఇంటికీ మధ్య భాగస్వామ్యం ఉండాలన్న విషయంలో లోకంలో ఎవరికీ పేచీ లేదు. ప్రిన్సిపాల్ ఉపన్యాసంలో అది ఉంటుంది. స్కూలు గోడ మీద, చేతులు కలుపుకున్న బొమ్మ కింద ఉంటుంది. ఫీజు రసీదు వెనక కూడా సన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంతమంది ఒప్పుకున్నాక వ్యాసం ఎందుకంటే, ఈ భాగస్వామ్యంలో ఎవరి వాటా ఎంతో ఇంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇద్దరు కలిసి చిన్న వ్యాపారం పెట్టుకున్నా ముందు డీడ్ రాసుకుంటారు. పెట్టుబడి ఎవరిది, చాకిరీ ఎవరిది, లాభం ఎవరికెంత, నష్టం ఎవరి నెత్తిన. మనకి డీడ్ లేదు గానీ పద్ధతి మాత్రం స్థిరపడిపోయింది. ర్యాంకు వస్తే స్కూలు గొప్పతనం. గేటు మీద బ్యానరు లేస్తుంది. రాకపోతే "ఇంట్లో వాతావరణం".

ఈ లోటు తీర్చే బాధ్యతను, ఎవరూ అడగకపోయినా, ప్రజాహితం కోరి నేనే భుజాన వేసుకుంటున్నాను.

ముందు తల్లిదండ్రుల హక్కులు చూద్దాం. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, 26వ అధికరణం, మూడో క్లాజు: పిల్లలకి ఎలాంటి చదువు కావాలో ఎంచుకునే హక్కు మొదట తల్లిదండ్రులదే. ఇది సామాన్యమైన హక్కు కాదు. పుస్తకాలకి ఏ రంగు అట్ట వెయ్యాలో మాత్రం మనం ఎంచుకోకూడదు, అది స్కూలు తేల్చేసింది. లేబుల్ కుడివైపు పైమూలనే అంటించాలనీ తేల్చేసింది. మిగిలినదంతా మన ఇష్టం. మిగిలింది ఏమిటో తర్వాత తెలియజేస్తారు.

అయినా మనకి తిరుగులేని అధికారం ఒకటుంది. సంతకం. డైరీలో సంతకం, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, టెస్ట్ పేపరు మీద సంతకం, "మీ అబ్బాయి క్లాసులో పక్కవాడితో మాట్లాడుతున్నాడు, తగిన చర్య తీసుకోగలరు" అన్న నోట్ కింద సంతకం. నేరం జరిగింది మధ్యాహ్నం సైన్సు పీరియడ్‌లో. విచారణ రాత్రి ఎనిమిదింటికి, వేరే చోట, నేరం కళ్ళారా చూడని జడ్జి ముందు. మనం కూడా ఏం తక్కువ తినలేదు. తిన్న కంచం తియ్యనందుకు, చెల్లెల్ని గిల్లినందుకు, "రేపు మీ టీచర్‌కి చెబుతానుండు" అని కేసు అటు బదిలీ చేస్తాం. దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందాలు కూడా ఇంత సాఫీగా నడవవు.

ఇక ప్రాజెక్టు వర్కు. భాగస్వామ్యం పరాకాష్ఠకి చేరేది ఇక్కడే. రాత్రి పదకొండు. టేబుల్ నిండా థర్మాకోల్ ముక్కలు, మూత పెట్టని గమ్ డబ్బా, ఎండని రంగులు. తల్లి శనిగ్రహానికి వలయం అతికిస్తోంది, అది ఒకవైపు అంటుకుంటే రెండోవైపు లేస్తోంది. తండ్రి ఏ గ్రహం ఎంత ఉండాలో ఫోన్లో వెతుకుతున్నాడు. సూర్యుడి వ్యాసం భూమికి దాదాపు 109 రెట్లని ఆయనకి ఆ రాత్రే తెలిసింది. అంటే భూమిని గోళీకాయంత చేస్తే సూర్యుణ్ణి మనిషెత్తు చెయ్యాలి, అట్టముక్క చాలదు. కాసేపు ఆయన నిజంగానే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఖగోళశాస్త్రం నేర్చుకున్నది ఆయనొక్కడే. పిల్లవాడు తొమ్మిదిన్నరకే పడుకున్నాడు, పొద్దున్నే బడి ఉంది కదా.

మర్నాడు టీచరు ఆ సౌరకుటుంబాన్ని చేతిలోకి తీసుకుని అడుగుతుంది: "నువ్వే చేశావా నాన్నా?"

"అవును మేడమ్."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా మర్యాద అనేది ఒకటుంటుంది. క్లాసులో ఎవడో ఒకడు నిజంగా తనే చేసుకొస్తాడు. వాడి భూమికి సొట్టలుంటాయి, శని వలయం జారిపోయి యురేనస్ మెడలో వేలాడుతుంటుంది. వాడికి బి గ్రేడు. పక్కన రిమార్కు: "పేరెంట్స్ శ్రద్ధ తీసుకోలేదు." అన్యాయమని అనలేం. శ్రద్ధ తీసుకున్నవాళ్ళవన్నీ అద్దాల బీరువాలో వరసగా ఉన్నాయి మరి.

హోంవర్కు సంగతి కూడా పెద్దలు ఆలోచించే ఉన్నారు. హారిస్ కూపర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త హోంవర్కు మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, చిన్న తరగతుల్లో దానికీ మార్కులకీ మధ్య సంబంధం చాలా బలహీనమని తేల్చాడు. తరగతికి పది నిమిషాల లెక్కన ఇస్తే చాలన్నాడు. మూడో తరగతికి అరగంట. చక్కటి సూత్రం. మన అరగంట ఎలా గడుస్తుందంటే, ఈ రోజు హోంవర్కు ఏమిటో కనుక్కోవడంలో గడుస్తుంది. డైరీలో "లెక్కలు, 4, 5, 7 బి" అని ఉంటుంది. పేజీ నంబరు ఉండదు. అప్పుడు క్లాసు వాట్సాప్ గ్రూపులోకి దిగాలి. అక్కడ పొద్దున టీచరు పెట్టిన ఒక్క ముక్క మీద "నోటెడ్ మేడమ్", "ఓకే మేడమ్", "థాంక్యూ మేడమ్", ఒక దండం, రెండు పువ్వులు, మళ్ళీ "నోటెడ్ మేడమ్". ఆ ముక్క ఏమిటో ఈపాటికి ఎవరికీ దొరకదు. దొరకనివాళ్ళు రాత్రి పదింటికి టీచరుకే ఫోన్ చేస్తారు. ఆవిడకీ ఇంట్లో ఒక మూడో తరగతి పిల్లాడు ఉండొచ్చని, వాడి 7 బి ఇంకా కాలేదని మనకెందుకు తోస్తుంది?

నిజానికి టీచర్ల పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హోంవర్కు ఇస్తే పిల్లల్ని నలిపేస్తున్నారంటాం, ఇవ్వకపోతే ఏం చెబుతున్నారో తెలీదంటాం. అర మార్కు తగ్గితే పేపరు పట్టుకుని సుప్రీంకోర్టు లాయరు స్థాయిలో వాదిస్తాం. అర మార్కు పొరపాటున ఎక్కువ వేశారని ఇవాళ్టిదాకా ఏ తల్లీ ఏ తండ్రీ బడికి వచ్చిన దాఖలా లేదు.

పేరెంట్స్ మీటింగ్ మాత్రం నా దృష్టిలో మానవ సంబంధాల్లో ఒక అద్భుతం. అక్కడ జరిగే సంభాషణ ఎప్పుడూ మారదు, ఏ తరగతైనా, ఏ బడైనా.

"బాగానే చదువుతాడండీ. కాకపోతే కాన్సంట్రేషన్ లేదు."

"ఇంట్లోనూ అంతే మేడమ్. మీరు కాస్త గట్టిగా చెప్పండి. మీరంటే భయం వాడికి."

"మేం చెబుతూనే ఉన్నామండీ. ఇంట్లో మీరు కొంచెం చూసుకోవాలి."

"చూస్తూనే ఉన్నాం మేడమ్, మా మాట వింటేగా. మీరు చెబితేనే..."

ఈ కాన్సంట్రేషన్ లేని మనిషి ఇద్దరికీ మధ్య నిలబడి ఉంటాడు. ఎదుటి గోడ మీద ట్యూబ్‌లైట్ పక్కన ఒక బల్లి, దానికి జానెడు దూరంలో ఒక ఈగ. బల్లి కదలదు. వాడూ కదలడు. రెప్ప కూడా వెయ్యడు. ఏకాగ్రత గురించి పెద్దలు ఒక అవగాహనకి వచ్చేసరికి ఈగ అయిపోయింది. "చూశారా, ఇప్పుడు కూడా ఎటో చూస్తున్నాడు" అని తల్లి వాడి గడ్డం ఇటు తిప్పింది.

ఈ విషయాలన్నిటికీ శాస్త్రం కూడా ఉంది. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త జాయిస్ ఎప్‌స్టీన్ కుటుంబాలు బడితో కలిసి పనిచేసే తీరుల్ని ఆరుగా విడగొట్టింది. పెంపకం, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, స్వచ్ఛందంగా సాయపడటం, ఇంటి దగ్గర చదివించడం, నిర్ణయాల్లో పాలుపంచుకోవడం, ఊరివాళ్ళతో కలిసి పనిచెయ్యడం. 1995లో ఆవిడ ఈ ఆరింటితో రాసిన వ్యాసాన్ని స్కూళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఉటంకిస్తారు. మొదటి నాలుగూ మన బళ్ళు నిష్ఠగా అమలు చేస్తున్నాయి, ఎందుకంటే ఆ నాలుగూ మనం చెయ్యాల్సినవి. అయిదోది మాత్రం అచ్చుతప్పు అనుకుని వదిలేసినట్టున్నారు.

పూర్తిగా వదిలేశారంటే పాపం వస్తుంది. కమిటీ ఉంది. అందులో తల్లిదండ్రుల ప్రతినిధి ఉంటారు. ఒక మీటింగులో ఆ ప్రతినిధి లేచి, ఆడపిల్లల టాయిలెట్ తలుపుకి గడియ లేదండీ, పిల్లలు సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేస్తున్నారు అన్నారనుకోండి. "చాలా మంచి సూచన" అంటారు. రాసుకుంటారు కూడా. మినిట్స్ వచ్చాక చూస్తే అందులో ఇలా ఉంటుంది: "పాఠశాలలోని సౌకర్యాలపై తల్లిదండ్రులు ఆసక్తి కనబరిచారు." ఆసక్తికి గడియ లేదు. తలుపుకీ లేదు.

పాతకాలం వాళ్ళకి ఈ మర్యాదలు తెలియవు. 1897లో ఆలిస్ మెక్లెల్లన్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు మహిళలు వాషింగ్టన్‌లో తల్లుల మహాసభ పెడితే రెండువేల మందికి పైగా వచ్చారు. కార్డు ముక్క మీద సంతకం పెట్టి వెళ్ళిపోకుండా, కిండర్‌గార్టెన్లు కావాలని, పిల్లల చేత చాకిరీ చేయించకుండా చట్టాలు రావాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. ఈనాటి అమెరికా పేరెంట్ టీచర్ అసోసియేషన్‌కి మూలం ఆ సభే. ఇంకా ఘోరం ఇటలీలో జరిగింది. 1945 వసంతంలో, యుద్ధం ముగిసీ ముగియగానే, రెజ్జో ఎమీలియా పట్టణం దగ్గర విల్లా చెల్లా అనే పల్లెలో జనం తమ పిల్లలకి తామే బడి కట్టుకోవడం మొదలుపెట్టారు. డబ్బెక్కడిది అంటే, పారిపోతూ జర్మన్ సేన వదిలేసిన ఒక యుద్ధ ట్యాంకు, కొన్ని లారీలు, కొన్ని గుర్రాలు అమ్మగా వచ్చింది. సంగతి విని లోరిస్ మలగుజ్జి అనే కుర్ర టీచరు సైకిలేసుకుని చూడటానికి వచ్చి, వాళ్ళతోనే ఉండిపోయాడు. చిన్నపిల్లల చదువు గురించి ప్రపంచమంతా నేడు చెప్పుకునే రెజ్జో ఎమీలియా పద్ధతి అలా మొదలైంది. ఆ ఇటుకలు మోసినవాళ్ళని ఎవరూ "పేరెంట్స్ సహకరించాలి" అని అడగలేదు. సహకరించడానికి అప్పటికి బడే లేదు. మనకి అమ్ముకోవడానికి ట్యాంకు దొరకదు కాబట్టి వార్షికోత్సవం లక్కీ డ్రా టికెట్లు అమ్ముతున్నాం.

మూడో భాగస్వామి ఒకరున్నారని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక అంటోంది. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని, వయసుకి తగ్గ విలువ ఇవ్వాలని 12వ అధికరణం. ఇది కాస్త దుందుడుకు ఆలోచన. పిల్లల్ని అడిగితే ఏం చెబుతారో అన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. గ్రహాలు ఎవరు చేశారో చెప్పేస్తారు. టాయిలెట్ గడియ గురించి చెప్పేస్తారు. బల్లి ఈగని ఎలా పట్టిందో చెప్పమంటే పీరియడ్ మొత్తం చెబుతారు, సిలబస్ ఏం కావాలి?

కాబట్టి నా సూచనలు నిర్మాణాత్మకంగా ఉంటాయి. ప్రోగ్రెస్ కార్డులు ఇకమీదట తల్లిదండ్రుల పేరు మీదే ఇవ్వాలి. సబ్జెక్టులు: అట్టలు వెయ్యడం, థర్మాకోల్ కోత, గ్రూపులో సమయస్ఫూర్తి, మీటింగులో తలూపడం. వెనకబడినవాళ్ళకి శనివారం ప్రత్యేక తరగతులు. కింద పిల్లల సంతకం తప్పనిసరి.

ఇది ఒక బడి యాజమాన్యానికి పంపాను. ఎంతో సంతోషించారు. నా సూచనల్ని ఈ ఏటి "కుటుంబ భాగస్వామ్య దినోత్సవం"లో చర్చకి పెడతారట. దానికి సంబంధించిన సర్క్యులరు నిన్న వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ రావాలి, సీట్లు పరిమితం కనుక పిల్లల్ని తీసుకురాకూడదు. కార్యక్రమం చివర తల్లిదండ్రుల అభిప్రాయాలకి అయిదు నిమిషాలు. అతిథుల ప్రసంగాలు సాగితే ఆ అయిదూ ఉండకపోవచ్చు. కింద కత్తిరించి పంపాల్సిన చీటీ ఉంది. అందులో రెండు గళ్ళు, ఏదో ఒకదాంట్లో టిక్ పెట్టి సంతకం చెయ్యాలి.

మొదటిది: వస్తాను.

రెండోది: తప్పకుండా వస్తాను.