కంప్యూటరు మీద అవిశ్వాస తీర్మానం

ఒక ఉద్యోగి మీద నమ్మకం పోయిందని మొహాన చెప్పడానికి ఏ ఆఫీసైనా జంకుతుంది. కంప్యూటరుకు ఆ మొహమాటం లేదు. పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కగానే నా కంప్యూటరు తేల్చి చెప్పేసింది: ఈ వర్క్‌స్టేషన్‌కూ ప్రైమరీ డొమైన్‌కూ మధ్య విశ్వాస సంబంధం విఫలమైంది. కింద ఓకే అని ఒకటే బటన్. ఎందుకు పోయిందని అడగడానికి ఇంకో బటన్ లేదు. విశ్వాసం పోయింది, సరేనా? సరే.

అసలు నేరం ఎవరిదో విచారిద్దాం. డొమైన్ అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే అదుపులో ఉంచే కూటమి. అందులో చేరిన ప్రతి కంప్యూటరుకూ మనలాగే ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ పాస్‌వర్డ్ 120 అక్షరాల పొడవు. 30 రోజులకోసారి ఎవరూ గుర్తు చేయకుండానే తనంతట తానే మార్చుకుని, కొత్తది ఆ కూటమి పెద్ద అయిన సర్వర్‌కు, అంటే డొమైన్ కంట్రోలర్‌కు, ఒప్పజెబుతుంది. మానిటర్ అంచున పసుపు చీటీ అంటించదు. పాతదాని చివర ఒక అంకె తగిలించి ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చే మనం, దాని విశ్వాసాన్ని శంకిస్తున్నాం.

హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చిన కుర్రాడు ముందు గడియారం చూశాడు. తెలివైనవాడే. డొమైన్ వాకిట్లో కాపలా ఉండే పద్ధతి పేరు కెర్బెరోస్. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం కాసే మూడు తలల కుక్క పేరది. మన యముడు శ్యామం, శబలం అనే రెండు కుక్కలతో సరిపెట్టుకున్నాడు కానీ వాటికీ తలకు నాలుగేసి కళ్లు. ఈ కెర్బెరోస్‌కు కంప్యూటరు గడియారం మామూలుగా 5 నిమిషాలకు మించి తేడా ఉంటే పడదు. అరగంట ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టే నన్ను మాత్రం ఏ కుక్కా ఆపలేదు. ఆ గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ నీరసించిందేమోనని చూశాడు. అదీ నిక్షేపంలా ఉంది.

తరవాత డీఎన్‌ఎస్, అంటే పేరు చెబితే ఆ కంప్యూటరు చిరునామా వెతికిపెట్టేది. నెట్ వేగంగా వస్తుందని ఎవరో పుణ్యాత్ముడు అందులో 8.8.8.8 అని గూగుల్ వాళ్ల డీఎన్‌ఎస్ నంబరు పెడుతుంటాడట. దానికి లోకమంతా తెలుసు, మా ఆఫీసు డొమైన్ కంట్రోలర్ తప్ప. నా కంప్యూటర్లో ఆ పాపమూ లేదు.

ఇక మిగిలింది మహామంత్రం. డొమైన్‌లోంచి తీసెయ్, రీస్టార్ట్ చెయ్, మళ్లీ చేర్చు, మళ్లీ రీస్టార్ట్ చెయ్. పనిచేసింది. నా ఫిర్యాదు టికెట్ మీద "పరిష్కరించబడింది" అని పడింది. రెండు రోజులకు మళ్లీ అదే వాక్యం, అదే ఓకే. మళ్లీ మంత్రం, మళ్లీ పరిష్కారం. నెల తిరిగేసరికి నా ఒక్క కంప్యూటరు మీదే ఆరు విజయాలు నమోదయ్యాయి. ఒకే రోగి ఆరుసార్లు కోలుకున్నాడంటే వైద్యుడి హస్తవాసిని అనుమానించడం ఎంత సంస్కారహీనం!

ఈలోగా ఒక చిట్కా నేర్చాను. క్లిప్పు విరిగిన ల్యాన్ తీగను వెనకనుంచి ఊడబీకి పాస్‌వర్డ్ కొడితే కంప్యూటరు కిక్కురుమనకుండా లోపలికి రానిస్తుంది. అంతకుముందు లాగిన్ అయినవాళ్లను, మామూలుగా పదిమంది వరకు, అది గుర్తుపెట్టుకుంటుంది. తెర వచ్చాక తీగ మళ్లీ గుచ్చడమే. అంటే పైవాళ్లను అడగనంతసేపూ మా ఇద్దరి మధ్యా విశ్వాసానికి లోటు లేదన్నమాట. ఈ సూత్రం కంప్యూటర్లకే పరిమితమని నేననుకోను.

గుట్టు లిఫ్టులో బయటపడింది. పై అంతస్తు అకౌంట్స్ మేడమ్ చేతిలో తీగ పట్టుకుని దిగుతున్నారు.

"మీదీ పోయిందా అండీ?"

"నిన్న సాయంత్రం దాకా బాగానే ఉందండీ. మీది?"

"నాది నిన్న మధ్యాహ్నమే బాగు చేశారు."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మేమిద్దరం కదల్లేదు. ఆవిడది బాగుపడ్డ ప్రతిసారీ నాది పోతోంది. నాది బాగుపడితే ఆవిడది. వెళ్లి ఆవిడ కమాండ్ ప్రాంప్ట్‌లో హోస్ట్‌నేమ్ అని కొట్టి చూశాం. నా కంప్యూటరు పేరే, అక్షరం పొల్లుపోకుండా. అప్పటికే డొమైన్‌లో చేర్చేసిన డిస్కుకు నకలు తీసి రెండో దాంట్లో ఎక్కించారు, పేరు మార్చడం మరిచారు. రెండింటికీ ఒకే పేరు, ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డ్. అందుకే మొదటి నెల ఇద్దరం హాయిగా ఉన్నాం. గడువు రాగానే ఒకటి పాస్‌వర్డ్ మార్చుకుంది, రెండోది అనాథ అయింది. ఇక అక్కణ్ణుంచి ఒకదాన్ని డొమైన్‌లో చేర్చడమంటే రెండోదాన్ని గెంటేయడమే. అంతస్తుకో నెట్‌వర్క్ కావడంతో అవి ఒకదానికొకటి ఎదురుపడనూ లేదు. నా ఆరు విజయాలూ ఆవిడ ఆరు ఫిర్యాదులు. ఆవిడ ఆరు విజయాలూ నా ఆరు ఫిర్యాదులు. పన్నెండు టికెట్లు, పన్నెండూ పరిష్కారాలే.

ఒక కంప్యూటరు పేరు మార్చి మళ్లీ చేరిస్తే చాలు, ఇద్దరం గట్టెక్కుతాం. ఎవరిది ముందు మారుస్తారో తెలియక ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఫారంలో మొదటి గడి: కంప్యూటరు పేరు. నాది తీసుకుంది. ఆవిడది మాత్రం క్షణంలో తిప్పికొట్టింది, ఈ కంప్యూటరు మీద ఇప్పటికే ఒక దరఖాస్తు పరిశీలనలో ఉందట.