4.3 స్టార్ల సూత్రం మన ఊళ్లో చెల్లదు

విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కొత్త హోటల్‌కి వెళ్లే ముందు పాటించాల్సిన నాలుగు సూత్రాలట. 4.3 స్టార్లకు తక్కువైతే అటు చూడొద్దు. యాప్‌లో పైన కనిపించేదే మంచిది. రివ్యూలు రాసేది కస్టమర్లే కాబట్టి అందులో అబద్ధం ఉండదు. యాప్‌లో లేని హోటల్‌కి లైసెన్సే ఉండదు. రాసినాయన ఎవరో గానీ మన ఊళ్లో పెద్దగా తిన్నట్టు లేదు.

ముందు స్టార్ల లెక్క. హైదరాబాద్‌లో పేరున్న బిర్యానీ హోటల్‌కి వేలల్లో రేటింగులు ఉంటాయి. మన దగ్గర కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటర్‌కి 20 వస్తే గొప్ప. ఆ 20 మంది సగటున 4.5 ఇచ్చారనుకోండి. తర్వాత ఇద్దరు కోపంతో ఒక్కో స్టార్ కొడితే సగటు 4.18కి పడిపోతుంది. మెసేజ్ ప్రకారం ఆ హోటల్ పని అయిపోయినట్టే. అదే 2,000 రేటింగులున్న చోట ఆ ఇద్దరి కోపానికి 4.5 కదలను కూడా కదలదు.

ఇంతకీ వాళ్లకి కోపం ఎందుకొచ్చినట్టు? ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒక మెస్ ఉంది. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు ఏం రాశారా అని చూశాను. ఒకాయనకి బండి పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. ఇంకొకాయన మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే పనస పొట్టు కూర అయిపోయింది. మరొకరు సిరిమానోత్సవం నాడు వెళ్లి అరగంట నిలబడ్డారు. పైడితల్లమ్మ పండగనాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర కాలు మోపే సందుండదు, ఆ రోజు ఊళ్లో ఏ హోటల్‌లో మాత్రం సర్వీసు బాగుంటుంది? ఇక కూర అయిపోయిందన్న ఫిర్యాదు నాకైతే మెచ్చుకోలులాగే వినిపించింది. పొద్దున వండింది మధ్యాహ్నానికే చెల్లిపోతే, రాత్రికి దాన్నే వేడిచేసి వడ్డించే పని ఉండదు కదా. అదే, నూనె కంపు కొట్టిందనో, తిన్నాక కడుపు పాడైందనో వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాస్తే మాత్రం 4.6 ఉన్నా నేను ఆ గడప తొక్కను.

డెలివరీ యాప్‌ స్టార్ల సంగతి ఇంకోటి. అవి పార్శిల్ తిన్నవాళ్లు ఇచ్చినవి. వేడి పూరీని డబ్బాలో పెట్టి మూత వేస్తే ఇంటికొచ్చేసరికి ఆవిరికి మెత్తబడిపోతుంది. దానికి వంటమనిషి ఏం చేస్తాడు పాపం!

పైన కనిపించే హోటల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెతికినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరం, ఎంత పేరుంది అనేవే ముఖ్యంగా చూస్తామని గూగుల్ తనే చెబుతుంది. కోట దగ్గర నిలబడి వెతికితే ఒక వరస, రైల్వే స్టేషన్ దగ్గర ఇంకో వరస వస్తుంది. డెలివరీ యాప్‌ల్లో అయితే పైన చోటు డబ్బుకి కూడా దొరుకుతుంది. పక్కన చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉందేమో చూడండి.

కస్టమర్లే రాస్తారు, అబద్ధం ఉండదట! 2017లో లండన్‌లో ఒక జర్నలిస్టు తన ఇంటి పెరట్లోని షెడ్డుని హోటల్‌గా ట్రిప్ అడ్వైజర్‌లో పెట్టి, తెలిసినవాళ్లతో రివ్యూలు రాయించాడు. అక్కడ వంటే లేదు. అయినా ఆ నగరంలోని 18 వేలకు పైగా హోటళ్లను దాటి మొదటి స్థానానికి చేరింది. మన దేశంలోనూ కొన్న రివ్యూలు వద్దంటూ భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. సమస్యే లేకపోతే ప్రమాణం దేనికి? అదైనా పాటించి తీరాలన్న నిర్బంధంతో రాలేదు, ఇష్టమైనవాళ్లు పాటించేలా వచ్చింది.

చివరిది లైసెన్స్. ఇందులో సగం నిజం ఉంది. డెలివరీ యాప్‌లో చేరాలంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు చూపించాలి. అంతమాత్రాన యాప్‌లో లేనివాళ్లకి నంబరు లేదనడం అన్యాయం. కమీషన్ కట్టలేక చేరనివాళ్లు ఉంటారు, వచ్చే జనానికే వండి పెట్టలేక చేరనివాళ్లూ ఉంటారు. చట్టం ప్రకారం టిఫిన్ బండికైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ 14 అంకెల నంబరున్న కాగితం హోటల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. బిల్లు ఇస్తే, 2022 జనవరి 1 నుంచి దాని మీదా నంబరు వేయాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్కాస్ సైట్లో ఆ నంబరు కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. గోడ మీద లేకపోతే గల్లా దగ్గర కూర్చున్నాయన్ని అడగండి. ఆయన మాట దాటేస్తే, స్టార్లు ఎన్నున్నా లేచి వచ్చేయండి.