కరెంటు స్తంభాల మీద ఫైబర్: ఆ మెసేజ్‌కు జవాబు

వరంగల్, హన్మకొండ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "కరెంటే సరిగ్గా ఇవ్వలేనోళ్లు ఇంటర్నెట్ ఇస్తారా? ఆ ఖర్చంతా మన బిల్లులోనే వేస్తారు. స్తంభాల మీద కేబుల్ వేస్తే షాక్ కొట్టి చస్తారు. కరెంటు పోతే నెట్టూ పోతుంది. ఇవన్నీ అమెరికాకే, మన దగ్గర నడవవు" అని. విద్యుత్ సంస్థలు తమ స్తంభాల మీద సొంత ఫైబర్ (వెలుగు ద్వారా సమాచారం పంపే సన్నటి గాజు పోగుల కేబుల్) వేసుకోవాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నా.

అసలు కరెంటు సరిగ్గా రావడానికే ఫైబర్ కావాలి. వానాకాలం రాత్రి 11 కేవీ లైన్‌కు ఎక్కడో కొమ్మ తగిలితే సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడర్ (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్) ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది, దాని మీదున్న ఊళ్లన్నీ చీకటే. లైన్‌మ్యాన్ టార్చి పట్టుకుని పొలం గట్ల వెంట పోతాడు. మధ్యలో ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తీసి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఛార్జ్ చేయమంటాడు, అంటే మళ్లీ కరెంటు ఇవ్వమంటాడు. కరెంటు నిలబడితే ఫాల్ట్ స్విచ్‌కు అవతల ఉన్నట్టు, మళ్లీ ట్రిప్ అయితే ఇవతల. అలా సగం సగం చేసుకుంటూ వెతకాలి. కాళ్ల కింద బురద, పాముల భయం, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. స్మార్ట్ గ్రిడ్‌లో ఈ పని స్విచ్చులే చేసుకుంటాయి. ఫాల్ట్ ఉన్న ముక్కను విడదీసి, వేరే లైన్ అందుబాటులో ఉంటే మిగతా ఊళ్లకు అటు నుంచి కరెంటు మళ్లిస్తాయి. అందుకు అవి కంట్రోల్ రూంతో క్షణాల్లో మాట్లాడుకోవాలి. ఫైబర్ మీద ఆ పని నమ్మకంగా జరుగుతుంది. ఒక్కో కేబుల్‌లో పదుల పోగులుంటాయి. గ్రిడ్‌కు కొన్ని చాలు, మిగిలినవాటి మీద ఇంటర్నెట్ ఇవ్వొచ్చు. 2023 జులైలో మోరంచపల్లిలాగా ఊరే మునిగితే మాత్రం ఏ స్విచ్చూ కాపాడలేదు, అదీ ఒప్పుకోవాలి.

అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలోని చాటనూగా పట్టణ విద్యుత్ సంస్థ ఈపీబీ ఈ పనే చేసింది. 2010లో తన పరిధిలోని ఇళ్లన్నిటికీ గిగాబిట్ ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చింది. వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్విచ్చులు అదే ఫైబర్ మీద నడుస్తున్నాయి. స్మార్ట్ గ్రిడ్‌కు అక్కడి కేంద్ర ప్రభుత్వం 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు ఇచ్చిన మాట నిజం. పని త్వరగా అయింది దానివల్లే. మన దగ్గరా మొదటి పెట్టుబడికి ప్రభుత్వ సాయం అడగాల్సిందే.

ఇక బిల్లు సంగతి. 2003 విద్యుత్ చట్టం 51వ సెక్షన్ చదవండి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తన ఆస్తులతో వేరే వ్యాపారం చేయాలంటే ముందుగా విద్యుత్ నియంత్రణ మండలికి తెలపాలి, లెక్కలు విడిగా రాయాలి. కరెంటు డబ్బుతో ఆ వ్యాపారాన్ని పోషించకూడదు. పైగా దాని ఆదాయంలో కొంత భాగం వీలింగ్ ఛార్జీలు (లైన్ల మీద కరెంటు చేరవేసినందుకు తీసుకునే డబ్బు) తగ్గించడానికి వాడాలి. మెసేజ్ చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురు.

షాక్ భయాన్ని మాత్రం కొట్టిపారేయను. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు ముమ్మరమైంది. మన కాలనీల్లోనూ ఎవరు వేశారో తెలియని కేబుళ్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి, కొన్నిటికి ఇనుప తీగ కూడా ఉంటుంది. విద్యుత్ సంస్థలు వాడే ఏడీఎస్ఎస్ కేబుల్‌లో లోహమే ఉండదు. స్తంభం ఎవరిదో, కేబుల్ కూడా వాళ్లదే అయితే తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కరెంటు పోతే ఇంట్లో రౌటర్ ఆగుతుంది, ఏ కంపెనీ నెట్ అయినా అంతే. చిన్న యూపీఎస్ పెట్టుకుంటే సరి.

మన దగ్గర నడవదంటారా? సిరిసిల్ల సెస్ 1970 నుంచి సహకార సంఘంగా కరెంటు ఇస్తోంది. వినియోగదారులే సభ్యులు, డైరెక్టర్లను వాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఒక్క 33/11 కేవీ సబ్‌స్టేషన్ పరిధిలో ఫైబర్, ఆటోమేటిక్ స్విచ్చులు పెట్టి, ఏడాది తర్వాత ఖర్చు, ఆదాయం, కరెంటు పోయిన గంటల లెక్క సభ్యుల ముందు పెట్టమని అడిగే హక్కు వాళ్లకుంది. సెస్ సభ్యులు ఎవరైనా ఇది చదివితే వచ్చే సర్వసభ్య సమావేశంలో అడగండి.