మోగని వీణకే గిరాకీ

సభ ముగిసే ముందు అతిథికి శాలువా కప్పి, చేతిలో ఒక బుల్లి వీణ పెట్టడం మనకు అలవాటైపోయింది. చివర యాళి (సింహంలాంటి కాల్పనిక మృగం) ముఖంతో చూడముచ్చటగా ఉంటుంది. తీగలుంటాయి, శ్రుతి ఉండదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలకు ఇప్పుడు ఈ బొమ్మ వీణలే పెద్ద ఆసరా. వాళ్లను తప్పు పట్టలేం. పెద్ద వీణ వారాల పని, కొనేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు. నా బాధల్లా ఒక్కటే: ఈ గిరాకీ ఉలికి పని ఇస్తోంది కానీ చెవికి ఇవ్వడం లేదు.

బొబ్బిలి వీణ గొప్పతనమంటే అందరూ ఏకాండం గురించే చెబుతారు. నాదం పలికే గుండ్రటి కుండ, తీగలు సాగే పొడవాటి దండి ఒకే పనస మొద్దులోంచి తొలిచి తీస్తారు. అది గొప్ప పనే, ఎవరూ కాదనరు. కానీ వీణ వీణయ్యేది ఆ తరువాత. మైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద రెండు గట్లుగా పోసి, వాటి మీద 24 లోహపు మెట్లు నిలబెడతారు. మేళం కట్టడమంటే ఇదే. తీగ మీటుతూ, వింటూ, మెట్టును వెంట్రుకవాసి అటో ఇటో జరుపుతారు. గాంధార స్వరం (స రి గ లో ‘గ’) కుదిరిందో లేదో చెప్పే కొలబద్ద ఏదీ అక్కడ ఉండదు, పనివాడి చెవి తప్ప. ఆ చెవి బొమ్మ వీణలు చేస్తే రాదు.

పైగా ఈ పని ఒక్కసారితో తీరేది కాదు. ఎండాకాలం మూసిన కారులో వీణను వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. రోజూ సాధన చేసేవారి వీణకు తీగ ఒరిపిడితో మెట్ల మీద గాట్లు పడతాయి. మళ్లీ మేళం కట్టించాలి. అంటే వీణ అమ్మిన ఇంటికి, కొన్న ఇంటికి ఏళ్ల తరబడి రాకపోకలుండాలి. అద్దాల బీరువాలోని జ్ఞాపికకు ఆ అవసరమే లేదు.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చి దశాబ్దం దాటింది. తంజావూరు వీణకూ ఉంది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. ఇంకెవరో ఇంకెక్కడో చేసి బొబ్బిలి పేరుతో అమ్మకుండా చూస్తుంది. కొనేవాణ్ని మాత్రం తెచ్చిపెట్టదు.

కొనేవారి ఇబ్బందులూ నిజమైనవే. ఏకాండ వీణను విడదీయలేం, విమానంలో తీసుకెళ్లడం యాతన. అందుకే విదేశాల్లో పిల్లలకు వీణ నేర్పించే తెలుగువాళ్లు విడదీసే ఎలక్ట్రానిక్ వీణ వైపు చూస్తున్నారు. దానిలో మైనం బెడదా లేదు.

అయితే గొల్లపల్లికి కూతవేటు దూరంలో కాకపోయినా, అదే జిల్లాలో విజయనగరం సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ఇలాంటి ప్రభుత్వ సంగీత కళాశాలలన్నిటికీ వీణలు కావాలి, ఉన్నవాటికి మరమ్మతులు కావాలి. ప్రభుత్వం జ్ఞాపికలు కొనే డబ్బులో కొంత ఇటు మళ్లించి, ఏడాదికి రెండుసార్లు గొల్లపల్లి పనివారిని పిలిపించి మేళం కట్టించవచ్చు. పక్కన ఒక కుర్రాణ్ని కూడా కూర్చోబెట్టాలి, మైనం వేడి చేయడానికైనా సరే. వింటూ ఉంటాడు.