రాయబారి గారి మ్యాపులో గల్ఫ్ లేదు

నిన్న సాయంత్రం ఒక మాజీ రాయబారి గారి ఉపన్యాసానికి వెళ్లొచ్చాను. అప్పటి నుంచి కడుపు మండిపోతోంది. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

టాపిక్ ఆసియా శతాబ్దం, అందులో మన దేశం పాత్ర. హైదరాబాద్‌లో ఏసీ హాలు, ముందు వరసల్లో రిటైర్డ్ ఆఫీసర్లు, వెనక అటెండెన్స్ కోసం తోలుకొచ్చిన ఎంబీఏ పిల్లలు. ఆయన పేరు రాయను, అవసరం లేదు. ఇలాంటి వాళ్లను చాలామందిని విన్నాం, అందరి స్లైడ్లూ ఒకటే. మొదటి స్లైడులో ఆసియా మ్యాపు. టోక్యో, సోల్, షాంఘై, హనోయ్, జకార్తా, సింగపూర్ మీద ఎర్రచుక్కలు, ఢిల్లీ నుంచి వాటికి బాణాలు. ఎడమవైపు, సరిగ్గా సౌదీ, కువైట్, దుబాయ్ ఉండాల్సిన చోట, నిర్వాహకుల లోగో అతికించారు. దాని కింద నుంచి ఒమన్ కొస ఒక్కటి బయటికి కనిపిస్తోంది. ఆ స్లైడు మళ్లీ మళ్లీ వచ్చింది. లోగో మాత్రం జరగలేదు.

సరే, అది కంప్యూటర్ చేసిన పిల్లవాడి తప్పు అనుకున్నాను. ప్రశ్నల టైమొచ్చింది. చివరి వరస నుంచి ఒక పెద్దాయన లేచి, మైకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకొని, “సార్, నమస్తే. మాది జగిత్యాల దిక్కు సార్. సౌదీల మనిషి చచ్చిపోతే శవం రావడానికి నెలల తరబడి పడుతుంది. దీని గురించి మీ పెద్దసార్లు ఆ దేశంతోని మాట్లాడరాదా సార్?” అన్నాడు.

రాయబారి గారు నవ్వారు. “అది కాన్సులర్ మ్యాటరండీ. నేను మాట్లాడుతున్నది స్ట్రాటజిక్ విషయాలు” అన్నారు. కాన్సులర్ అంటే ఎంబసీలో కాగితాల పని అన్నమాట. యాంకరమ్మ వెంటనే “నెక్స్ట్ క్వశ్చన్ ప్లీజ్” అంది. నెక్స్ట్ క్వశ్చన్ ఏంటో తెలుసా? “సార్, సివిల్స్‌లో ఐఎఫ్‌ఎస్ ప్రిఫరెన్స్ పెట్టుకోవాలంటే ఏం చదవాలి?” అంటే ఈయన చేసిన విదేశాంగ శాఖ ఉద్యోగమే. దానికి మాత్రం పావుగంట జవాబు.

అయ్యా, సౌదీలో మనిషి పోతే శవం బయల్దేరాలంటే ఏమేం కావాలో ఎప్పుడైనా చూశారా? పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితం, డెత్ సర్టిఫికెట్, ఇక్కడ ఇంటివాళ్లు నోటరీ చేయించి పంపే అంగీకార పత్రం, కఫీల్ (అక్కడ పనికి పిలిపించుకున్న యజమాని) సంతకం, ఎంబసీ ఎన్‌ఓసీ, పాస్‌పోర్టు క్యాన్సిల్, ఎగ్జిట్ వీసా, ఆ తర్వాత విమానం కార్గోలో చోటు. కఫీల్ సంతకం పెట్టకపోతే అన్నీ అక్కడే ఆగుతాయి. మనిషి ఖల్లివెల్లి అయి ఉంటే, అంటే ఆ కఫీల్ దగ్గర నుంచి పారిపోయి ఇంకెక్కడో పని చేసుకుంటుంటే, ఇక ఆ సంతకం ఎవరు పెడతారు? అవతలి దేశంతో కూర్చొని మాట్లాడితే తప్ప తేలని ముడి ఇది. మాట్లాడటం కాకపోతే రాయబారి పని ఇంకేమిటి?

ఆయన ఉపన్యాసంలో సగం సింగపూర్. దూరపు కొండలు నునుపు అంటారు, ఈయనకు అక్కడ ఉండి వచ్చినా నునుపుగానే ఉన్నాయి. 1965లో మలేషియా నుంచి విడిపోయినప్పుడు ఏమీ లేదట, ఈరోజు చూడండట. నిజమే, కాదనను. జనంలో దాదాపు ఎనభై శాతం మంది ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఉంటారు, అదీ గొప్పే. కానీ ఆ ఇళ్లు కట్టే కూలీలు ఎక్కడుంటారు? డార్మిటరీల్లో. 2020లో కరోనా వాళ్లనే ఎలా చుట్టేసిందో అందరూ చూశారు. ఆ శుభ్రమైన రోడ్ల మీద ఇవాళ్టికీ కూలీలను లారీ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఆ లారీల్లో మన తమిళ తమ్ముళ్లున్నారు, మనవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క స్లైడులో లేదు.

సింగపూర్ అంటే మనవాళ్లకు మరీ పిచ్చి లెండి. అమరావతిలో స్టార్టప్ ఏరియా అని 1,691 ఎకరాలు సింగపూర్ కంపెనీల కన్సార్టియంకి అన్నారు, 2019 నవంబర్‌లో మంచిది నమస్కారం అనుకొని విడిపోయారు. అప్పట్లో అక్కడి నుంచి సంతకాలకు వచ్చిన మంత్రి ఈశ్వరన్ గారు 2024లో బహుమతుల కేసులో జైలుకు పోయారు. వాళ్ల దేశంలో మంత్రిని జైలుకు పంపుతారు, నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అది. దాన్ని మాత్రం ఎవరూ నేర్చుకోరు. సరే, ఇది వేరే కథ, ఇంకో రోజు రాస్తా.

ఆర్‌సీఈపీ అనే ఆసియా-పసిఫిక్ వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మనం బయటికి వచ్చేయడం గురించి ఆయన చాలాసేపు బాధపడ్డారు. పడనివ్వండి.

నాకు నిజంగా చిర్రెత్తింది లుక్ ఈస్ట్ గురించి చెప్పినప్పుడు. “తొంభైల మొదట్లో భారత్ తూర్పు వైపు చూడటం మొదలుపెట్టింది” అన్నారు. ఎవరు చూశారండీ? భారత్ తనంతట తానే మెడ తిప్పిందా? హైదరాబాద్ నడిబొడ్డున నిలబడి, పి.వి. నరసింహారావు పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండా లుక్ ఈస్ట్ గురించి పది నిమిషాలు మాట్లాడిన ఘనత ఈయనదే. 1992లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో పాక్షిక భాగస్వామ్యం, 1994 సెప్టెంబర్‌లో సింగపూర్‌లో పి.వి. స్వయంగా ఇచ్చిన ప్రసంగం, 1995లో పూర్తి భాగస్వామ్యం. ఇదంతా ఒక వంగర మనిషి చేసిన పని. హాల్లో ముందు వరస పెద్దలు ఒక్కరూ అడగలేదు. బతికున్నప్పుడు ఢిల్లీ పట్టించుకోలేదు, 2004లో పోయాక ఢిల్లీలో దహనానికి చోటివ్వలేదు, 2024లో భారతరత్న ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆయన పేరు మనం కూడా మర్చిపోతే ఇక చెప్పేదేముంది.

పేరు ఎత్తలేదనే కోపం ఒకటైతే, అసలు కథ ఎక్కడ మొదలైందో చెప్పలేదనే కోపం ఇంకొకటి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. చమురు ధర ఎగిరింది. కువైట్, ఇరాక్‌లలో మనవాళ్ల జీతాలు ఆగిపోయాయి, ఇంటికొచ్చే డబ్బు ఆగిపోయింది. లక్షా డెబ్బై వేలమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. అప్పటికే అప్పుల్లో ఉన్న ఖజానా మీద ఇది పడింది, రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా మిగల్లేదు. 1991లో బంగారం విమానంలో ఎక్కించి తాకట్టు పెట్టాం. అటు సోవియట్ యూనియన్ కూలింది. అలాంటప్పుడు కదా పి.వి. తలుపులు తెరిచి తూర్పు వైపు చూసింది! గల్ఫ్ కుదుపు లేకపోతే ఆ సంస్కరణలు అంత తొందరగా వచ్చేవి కావు, ఈయన స్లైడులో ఆ బాణాలూ ఉండేవి కావు. ఆ గల్ఫ్ మీదే లోగో పెట్టుకొని కూర్చున్నారు.

పోనీ, డబ్బు భాషలోనే మాట్లాడదాం, వాళ్లకు అదే అర్థమవుతుంది కదా. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపింది 118.7 బిలియన్ డాలర్లు. అందులో గల్ఫ్ ఆరు దేశాల వాటా దాదాపు 38 శాతం, అంటే 45 బిలియన్లు. అదే ఏడాది ప్రపంచం మొత్తం నుంచి మన దేశానికి వచ్చిన విదేశీ ఈక్విటీ పెట్టుబడి 44 బిలియన్ల చిల్లర. ఆ పెట్టుబడి తెచ్చేవాడికి రెడ్ కార్పెట్, బొకే, ముఖ్యమంత్రితో ఫొటో. ఈ 45 తెచ్చేవాడికి శంషాబాద్‌లో ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు) చూడగానే “ఏయ్, పక్కకు నిలబడు.”

ఆసియాన్ నుంచి నేర్చుకోండి నేర్చుకోండి అన్నారు కదా, ఆ ఆసియాన్‌లోనే ఫిలిప్పీన్స్ అని ఒక దేశం ఉంది. 2018 ఫిబ్రవరిలో తమ దేశపు పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్‌లో దొరికితే, కువైట్‌కు మనుషుల్ని పంపడం ఆపేసింది. ఏప్రిల్‌లో వాళ్ల ఎంబసీ వాళ్లు ఇళ్ల దగ్గరికి పోయి బాధితులైన పనిమనుషులను బయటికి తెచ్చారు. కువైట్‌కు కోపమొచ్చి రాయబారినే వెళ్లగొట్టింది. ఏమైంది? మే నెలలో ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండకూడదు, సెల్‌ఫోన్ లాక్కోకూడదు అని రాయించుకున్నారు. పనిమనుషుల కోసం దేశం నుంచి గెంటించుకున్న రాయబారి! వాళ్లకు అది కాన్సులర్ మ్యాటర్ కాలేదు మరి. రాజంపేట, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు ఎంతమందో ఈయనకు తెలుసా? వాళ్లకోసం మనవాళ్లు ఎవరైనా గెంటించుకున్నారా?

మా చిన్నబాపు సౌదీలోని దమ్మామ్‌లో షట్టరింగ్ కార్పెంటర్. ఆజాద్ వీసా, అంటే ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు అని ఏజెంటు లక్షలు గుంజి పంపాడు. చెప్పిన కంపెనీ అక్కడ లేనే లేదు. 2013లో సౌదీ నితాఖత్ అని, అంటే సొంత దేశం వాళ్లకే ఉద్యోగాలని, పట్టుకున్నప్పుడు ఔట్‌పాస్ (దేశం విడిచిపోవడానికి ఇచ్చే కాగితం) మీద వచ్చాడు, చేతిలో ఒక చిన్న బ్యాగు. అప్పు మీద మిత్తీ మాత్రం ఆ తర్వాత కూడా కట్టుకుంటూ పోయాడు. ఆయన దృష్టిలో ఆసియా ఆర్థిక వ్యవస్థ అంటే అదే.

ఇప్పుడు అసలు పాత బాకీ. 2020 గుర్తుందా? కరోనాలో గల్ఫ్ నుంచి మనవాళ్లు జీతాలు ఎగ్గొట్టించుకొని వస్తున్నారు. సరిగ్గా ఆ సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వమే, సౌదీ కాదు, ఖతర్ కాదు, మన ప్రభుత్వమే, గల్ఫ్‌కు పోయే కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం తగ్గించింది. యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు చాలు అంది. ఎందుకయ్యా అంటే, జీతం ఎక్కువ అడిగితే బంగ్లాదేశ్, నేపాల్ వాళ్లను పెట్టుకుంటారట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. తన దేశపు కూలీ రేటు తానే తగ్గించి అవతలి షేక్‌కు డిస్కౌంట్ ఇచ్చింది! స్ట్రాటజిక్ అంటే ఇదే కాబోలు. తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘాల వాళ్లు హైకోర్టుకు పోతే, అంతా లొల్లి చేస్తే, 2021లో వెనక్కి తీసుకున్నారు. మరి మధ్యలో ఆ తక్కువ రేటుకు సంతకం పెట్టి పోయిన వాళ్ల సంగతేంటి? గల్ఫ్ కాంట్రాక్టు మామూలుగా రెండేళ్లు. తేడా ఎవరిచ్చారు? ఏ మాజీ రాయబారి అయినా దీని మీద ఒక్క వ్యాసం రాశారా? ఇండో-పసిఫిక్ మీద మాత్రం వారం వారం రాస్తారు.

“ఎవరు పొమ్మన్నారు, ఇక్కడే పని చేసుకోవచ్చు కదా” అని కామెంట్ పెట్టబోతున్న అంకుల్స్ ఒక్క నిమిషం ఆగండి. మీ అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. వాణ్ణి ఎవరు పొమ్మన్నారో ముందు అది రాయండి.