ఎడమచేతి నేతగాడు

బరంపురంలో మా మావయ్యది గుంట మగ్గం. ఆయనకి బజారులో ఒడియా, మగ్గం దగ్గర తెలుగు. ఆయన నేస్తుండగా ఫోటో తీసి, దాన్ని చూస్తూ లినో (లినోలియం అనే మెత్తటి) పలక మీద చెక్కి, మొన్న మొదటి ప్రతి అచ్చు తీసి చూపించాను. వంగిన వీపు, గుంటలో కాళ్లు, చుట్టూ నలుపు. ఆయనకి నచ్చలేదు. ఆ రాత్రి జరిగిన వాదన ఇది.

మావయ్య: ఇంత నలుపేమిటే అమ్మడూ? చావింట్లో కూర్చున్నట్టున్నాను.

నేను: లినోలో చెక్కింది తెలుపు, వదిలింది నలుపు. నేను కావాలనే వదిలాను మావయ్యా. రాత్రి నడుం పట్టేసి, లేవలేక అత్తయ్యని పిలుస్తావే, అది కనపడొద్దా? 1943 కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ బెంగాల్ పల్లెల్లో తిరిగి ఆకలి బొమ్మలు వేసి పుస్తకంగా తెస్తే ఆ ప్రతుల్ని బ్రిటిష్ వాళ్లు పట్టుకుని తగలబెట్టారు. తరవాత కూలిపనికెళ్లే పిల్లల్నీ ఆయనే లినోలో చెక్కాడు.

మావయ్య: కరువు వేరు, పని వేరు. నువ్వే ఫోన్‌లో చూపించావు, చెక్క మీద బొమ్మలు చెక్కే హరేన్ దాస్‌ది, ఆయనదీ బెంగాలే కదా. జాలరులు, రైతులు, వాళ్ల ఒంట్లో పని తెలుస్తోంది. చెక్క మీద అంత సన్నటి గీత తీసినవాడికి చెయ్యి విలువ తెలుసు.

నేను: 1921లో పుట్టాడు, ఆ కరువు నాటికి పెద్దవాడే. అయినా ఆయన పల్లెల్లో అంతా ప్రశాంతమే, అప్పు లేదు, షావుకారు లేడు. కొన్నవాడి గోడకి హాయిగా ఉంటుంది.

(ఇక్కడ నేను ఎక్కువే మాట్లాడాను. ఆ సన్నటి గీతలంటే నాకూ ప్రాణం.)

నేను: జర్మనీ చిత్రకారిణి కేథె కోల్విట్జ్‌ని చూడు. 1893 నుంచి 1897 దాకా అక్కడి నేతగాళ్ల తిరుగుబాటు మీద ఆరు బొమ్మలు చేసింది, మూడు లిథోలు (రాతి అచ్చులు), మూడు ఎచింగులు (లోహపు రేకు అచ్చులు). చీకటి గది, మంచం మీద జబ్బు పిల్ల, తల పట్టుకున్న తల్లి. ఆవిడకి పతకం ఇమ్మని జ్యూరీ చెబితే చక్రవర్తి ఒప్పుకోలేదు.

ఆరూ చూశాడు, ఒక్కొక్కటీ పెద్దది చేసి.

మావయ్య: మగ్గాలున్నాయి. నేసేవాడేడీ?

నేను: తిరగబడ్డవాళ్లు నేస్తూ కూర్చుంటారా?

మావయ్య: తప్పు పట్టట్లేదమ్మా. ఆవిడ వాళ్ల కోపం చెప్పింది, బాగా చెప్పింది. నువ్వు నా పని చూపిస్తానన్నావు. గుడి గోపురాల్లాంటి కుంభం అంచులో ఒక్క పోగు తప్పితే నేసిందంతా విప్పుకోవాలి, ఆ టెన్షన్ ఇందులో ఎక్కడుంది?

నేను: నొప్పి కనపడకపోతే కూలి గురించి ఎవరు అడుగుతారు?

మావయ్య: జాలిపడి ఎవడు కూలి పెంచాడే? ఈ పని ఇంకెవడూ చెయ్యలేడని తెలిస్తే పెంచుతాడు. నడుం నొప్పి వెయ్యి, వద్దనను. కానీ నడుమొక్కటే నేస్తోందా? చేతులు చూడు. అడ్డపోగు తీసుకెళ్లే నాడె తాడు ఏ చేత్తో లాగుతున్నాను?

చూశాను. ఎడమచేత్తో. అచ్చులో బొమ్మ అటుదిటు అవుతుందని మొదటి పాఠంలోనే నేర్చుకున్నాను, పలక మీదకి తిరగేసి దించుకోవాలని కూడా తెలుసు. ముఖంలో ముడతలు ఎటు తిప్పినా ముడతలే కనక చేతుల సంగతి నాకు పట్టలేదు.

నేను: చెక్కేసింది మళ్లీ అతకదు. కొత్త పలక తీస్తాను. నలుపు మాత్రం తగ్గించను.

మావయ్య: తగ్గించకు. రేపు గుంటలోకి దిగి నువ్వే తాడు లాగు. ఫోటో వద్దు.